కటారుపల్లి యాత్ర

మనుష్యస్వభావము నెఱుగుటకు గ్రంథములు చదువవలయునా, లోకము చూడవలయునా యని పెద్దలు వాదించుచుందురు. గృహిణికి ఈ వాదముతో పనిలేదు. తెల్లవాఱి పొయ్యి వెలిగించినది మొదలు రాత్రి దీప మార్పువఱకు ఆమె చదువునదంతయు మనుష్యస్వభావమే. ఎవరి కెప్పు డాకలియగునో, ఎవరి కోప మెంతసేపుండునో, ఎవరికి మాట చెప్పి యొప్పింపవలయునో, ఎవరియెదుట నూరకుండుట మేలో, ఆమెకు తెలిసినట్లు మఱియొకరికి తెలియదు. అయినను ఆ తెలివిని మాటలలో పెట్టి నిలిపినవారు తక్కువ. తెలుగు దేశమున అట్టి తెలివిని చిన్నచిన్న పాదములలో నిమిడ్చి, పలక పట్టిన పిల్లవాడు మొదలుకొని పండుముసలివఱకు అందఱి నోటను నిలుచునట్లు చెప్పినవాడు వేమన. ఆయన సమాధి యున్న పల్లెను, ఆయన పద్యములను వెదకి ప్రోగుచేసిన బ్రౌను దొర నివసించిన పట్టణమును చూడవలయునని మాకు చిరకాలపు కోరిక. మొన్నటి దసరా సెలవులలో అది నెఱవేఱినది.

మావారు బడిపంతులగుటచేత సెలవులలోనే మాకు ప్రయాణములు. మాతోకూడ మా అత్తగారును, మా ఆడపడుచును, మా చిన్నవాడును వచ్చిరి. మా ఆడపడుచు కడచిన సంవత్సరము భర్తను పోగొట్టుకొన్నది. వయస్సు ముప్పదియైనను నిండలేదు. అప్పటినుండి గడప దాటుటకే యిష్టపడకుండెడిది. “ఆ పల్లెలో మనల నెఱిగినవారెవరు? రమ్ము తల్లీ” యని అత్తగారు బ్రతిమాలి బయలుదేరదీసిరి.

ధర్మవరమునుండి పాకాలకు పోవు రైలుమార్గమున కదిరి యను పట్టణము కలదు. 2022వ సంవత్సరమున జిల్లాలను విభజించినప్పుడు ఇది అనంతపురము జిల్లానుండి వేఱుపడి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. ఖదిర మనగా చండ్రచెట్టు. ఆ చెట్టు పేరనే ఊరికి పేరు వచ్చినదందురు. ఇచ్చటి దైవము ఖాద్రి లక్ష్మీనరసింహస్వామి. స్వామిచెంత ప్రహ్లాదుడు నిలిచియుండును. ఉగ్రమూర్తియైన దేవుని ప్రక్కన భయములేని పసివాడు నిలిచియుండుట చూచి మా చిన్నవాడు మిక్కిలి సంతోషించెను. గుడి వాకిట కుంకుమ రాసులును, మల్లెపూల బుట్టలును కన్నులపండువుగా నుండెను. కదిరి కుంకుమయు కదిరి మల్లెలును ఆ ప్రాంతమంతట ప్రసిద్ధములు.

కాలువగట్టున పెరిగిన మాకు ఆ నేల క్రొత్త. ఎఱ్ఱమన్ను, గుండ్రాళ్ళ గుట్టలు, నడుమ నడుమ చింతచెట్లు. ఉమ్మడి అనంతపురము జిల్లాలో సంవత్సరమంతయు కలిపి కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లే. ఆ కొంచెపు వానను నమ్మికొని వేరుశనగ వేయుదురు. మేము పోయిన దినములలో చెట్లు పెఱికి కుప్పలు వేయుచుండిరి. ఆడువారు వరుసగా కూర్చుండి కాయలు త్రుంచుచు, చేతులాడినంత సేపును మాటలాడుచుండిరి. వానలేని యేట ఈ కుప్పలుండవు. అట్టి చోటి కవి మాటలో పొడవెందుకుండును? నీటిని పొదుపుచేసినట్లే ఆయన మాటను పొదుపుచేసెనని మాకు తోచినది.

కటారుపల్లి గాండ్లపెంట మండలములోని చిన్న పల్లె. కదిరినుండి బండి కుదుర్చుకొని ఉదయముననే చేరితిమి. వేమన యిచ్చటనే సమాధిని పొందెనని తరతరముల నమ్మకము. ఆయన కాలము 15వ శతాబ్దమని కొందఱును, 17వ శతాబ్దమని కొందఱును చెప్పుదురు. ఆయన యెన్నుకొన్న ఆటవెలది ఛందస్సు మన చేతిపనులకు సరిపడినది. మొదటి, మూడవ పాదములలో మూడు సూర్యగణములును రెండు ఇంద్రగణములును, రెండవ, నాలుగవ పాదములలో అయిదేసి సూర్యగణములును వచ్చును. బియ్య మేఱునప్పుడుగాని, చల్ల చిలుకునప్పుడుగాని చదివి చూడుడు. చేయి ఆగనక్కఱలేదు, పద్యమును ఆగదు.

వేమన కథలన్నిటిలోను మాకు మిక్కిలి యిష్టమైనది వదిన కథ. దానికి పాఠాంతరములు పెక్కులు కలవు. 1947లో వచ్చిన యోగి వేమన యను చలనచిత్రములో చిత్తూరు నాగయ్యగారు నటించిన వేమన, అన్నగారి పసిబిడ్డ మరణమునకు గుండె పగిలి విరాగి యగును. ఇంటింట చెప్పుకొను కథలో నన్ననో, వేమన యౌవనమున ఒక వేశ్యను మరిగి, ఆమె కోరినదని వదినగారి నగలే యడిగెనట. ఆ యిల్లాలు తిట్టలేదు, పతితో చెప్పి రచ్చచేయలేదు. నగ లిచ్చి, “ఇవి ధరించునప్పుడు ఆమెను మోహము విడిచిన కంటితో నిలువున ఒక్కసారి నిదానించి చూడుము” అని మాత్ర మనెనట. అతడు చూచెను. చూచిన క్షణముననే అతని భ్రమ వదలినది.

ఈ కథ జరిగినదో లేదో చెప్పువా రెవరును లేరు. కాని దీనిని కల్పించినవారికి మనుష్యస్వభావము బాగుగా తెలియును. మోహములో నున్నవానికి నీతి చెప్పినచో వాడు నీతినే ద్వేషించును. నగలు దాచినచో దొంగతనము నేర్చును. వదినగారు అతని కోరిక కడ్డము నిలువక, అతని కన్నునే అతనికి గురువుగా నిచ్చినది. ఇంతటి జ్ఞానికి మొదటి పాఠము ఇంటి యాడుదాని నోటనుండి వచ్చెనని లోక మంగీకరించుట మనము జ్ఞాపకముంచుకొనదగిన సంగతి.

సమాధి యున్న గుడి పెద్దది కాదు. పూలు, టెంకాయ సమర్పించి మ్రొక్కువారు మ్రొక్కుచుండిరి. ఱాతికి పూజ లేలయని జీవితమంతయు నడిగినవానినే దేవునిజేసి పూజించుట చూచి మావారు నవ్విరి. మాకు మాత్రము నవ్వు రాలేదు. మేలు పొందినవానికి కృతజ్ఞత యుంచుటకు చోటొకటి కావలయును. ఆయన మాట ప్రకారము నడచుట కష్టము, ఆయన యెదుట టెంకాయ కొట్టుట సులభము. సులభమైనదానితో మొదలిడుట మనుష్యుల స్వభావము. దానితోనే నిలిచిపోకుండిన చాలును.

గుడి కెదురుగా ఒక అవ్వ చెట్టునీడను వేరుశనగకాయలు త్రుంచుచుండెను. మమ్ము చూచి, “యా ఊరు తల్లీ మీది?” అని పలుకరించినది. కృష్ణాతీరమనగానే, “అంత దూరమునుంచి మా వేమన్నను చూసేదానికి వచ్చినారా!” యని మురిసి, మా చిన్నవాని చేతిలో దోసెడు పచ్చికాయలు పోసినది. అక్షరము రాదట. తండ్రి నేర్పగా విని నేర్చుకొన్న పద్యములు అయిదాఱు వరుసగా తప్పులేకుండ చదివినది.

“మీ కోడండ్రకు కూడ ఇవి చెప్పుచుందురా అవ్వా?” అని మే మడిగితిమి.

“కోడండ్లకు చెప్తే కొట్లాట వస్తాది తల్లీ! నాకు నేనే చెప్పుకొంటా. కోపమొచ్చినపుడు ఒకటి చెప్పుకొంటే, అది అయిపోయేలోగా సగము కోపము తగ్గుతాది. ఇంకా తగ్గకుంటే ఇంకొకటి చెప్పుకొంటా” నని నవ్వినది.

మేము భారత భాగవతములు ఇంట పెద్దలవద్ద చదువుకొన్నవారము. శాంతిపర్వమున భీష్ములవారు ధర్మరాజునకు చెప్పిన నీతులు వినియున్నాము. అయినను నీతిని ఎవరికి చెప్పవలయునో ఇంత సూటిగా చెప్పినవారిని మేము చూడలేదు. ఇంటిలో సుభాషితములు చాల పలుకబడుచుండును. పలుకబడినదానిలో ముప్పాతిక ఎదుటివారిమీద విసరుటకే. అత్తగారు కోడలికి వినబడునట్లు పద్యము చదువుదురు, కోడలు పిల్లవానికి చెప్పునట్లుగా అత్తగారికి జవాబు చెప్పును. అప్పుడు పద్యము పద్యము కాదు, ఱాయి. ఇంటిపోరును పాదరక్షలో దూరిన గులకఱాతితో వేమన పోల్చినాడు. ఎంత చిన్నదైనను అడుగడుగునకు గ్రుచ్చును. ఆ ఱాతిని వేమన పద్యముతోనే తయారుచేయుచున్నామా యని మనలను మనము ప్రశ్నించుకొనవలసి యున్నది.

మఱునాడు తిమ్మమ్మ మఱ్ఱిమానును చూడబోయితిమి. ఇది కదిరికి సుమారు 25 కిలోమీటర్ల దూరమున గూటిబయలు వద్ద నున్నది. ఒకే మఱ్ఱిచెట్టు అయిదెకరముల వఱకు వ్యాపించి, వెయ్యికి పైబడిన ఊడలతో అడవివలె నుండును. 1989వ సంవత్సరమున గిన్నిసు గ్రంథమున దీని పేరెక్కినది. 1434లో తిమ్మమ్మ యను పతివ్రత భర్తయైన బాల వీరయ్యతో సహగమనము చేసెననియు, చితికి పాతిన గుంజయే చిగిర్చి ఈ వృక్షమైనదనియు స్థలపురాణము. మ్రాని క్రింద ఆమెకు చిన్న గుడి కట్టిరి. సంతానము కోరు దంపతులు వచ్చి మ్రొక్కుకొందురు.

ఆ నీడలో మే మందఱమును కూర్చుంటిమి. ప్రక్కన మఱియొక యూరినుండి వచ్చిన కుటుంబము మ్రొక్కు చెల్లించుకొని, వారిలో పెద్దావిడ యొకరు అక్కడున్న ఆడువారికందఱికిని పసుపు కుంకుమలు పంచుచు, తిమ్మమ్మ కథ చెప్పుచు వచ్చుచుండిరి. మా ఆడపడుచు ఆమె సమీపించుటకు ముందే, ఆమెకు ఇబ్బంది కలుగకూడదని కాబోలు, తానే లేచి ఊడల చాటునకు పోయెను. ఆవిడయు చూచి చూడనట్లు దాటిపోబోయెను. అప్పుడు మా అత్తగారు లేచి, కోపపు మాట యొక్కటియు లేక, “అమ్మా, అటు నిలిచినది నా కూతురు. మీ చేతిలో పూలును, పండును ఉన్నవిగదా. మీ చేతితో ఇచ్చిన మాకు సంతోషము” అనిరి. ఆవిడ ఒక్క నిమిషము తెల్లబోయెను. తరువాత తానే ఊడల చాటునకు పోయి, మా ఆడపడుచు చేతిలో పండు నుంచి, తల నిమిరి, “నాకు నీయీడు కూతు రున్నది తల్లీ” అని కన్నీరు పెట్టుకొన్నది. వారిద్దఱు చాలసేపు ప్రక్కప్రక్కను కూర్చుండిరి. ఏమి మాటలాడుకొనిరో మే మడుగలేదు.

సోదరీమణులారా! ఆ పెద్దావిడ కఠినురాలు కాదు. ఆమె చేయి ఆచారము త్రోసిన వైపునకు పోయినది, అంతే. అత్తగారు ఆమెను తప్పుపట్టియుండినచో ఆమె తన తప్పును సమర్థించుకొనియుండును. ఆచారము పేరు, పెద్దల పేరు, చివరకు తిమ్మమ్మ పేరు కూడ చెప్పియుండును. మంచి చేయుటకు ఆమెకు త్రోవ చూపగా, మంచియే చేసినది. మన యిండ్లలో జరుగు క్రౌర్యములో చాలభాగము దుష్టులవలన గాక, త్రోవ తోచని మంచివారివలననే జరుగుచున్నదని మా నమ్మకము.

తిమ్మమ్మ భక్తికి మేమును మ్రొక్కితిమి. కాని ఆమె మరణమును కొనియాడలేకపోతిమి. సహగమనమును నిషేధించుచు 1829 డిసెంబరులో వంగదేశమున శాసనము వచ్చినది. మఱుచటి యేడు 1830లో చెన్నపురి రాజధానియందును వచ్చినది. ఆ 1829లోనే వేమన పద్యములు మొదటిసారి బ్రౌను దొరచే అచ్చుపడినవి. ఈ రెంటికిని సంబంధము లేకపోవచ్చును. అయినను ఆ చెట్టుక్రింద, మా ఆడపడుచు ప్రక్కన కూర్చుండి ఆ సంవత్సరమును తలచుకొన్నప్పుడు మా మనస్సు నిండినది.

ఆ మఱ్ఱి చెప్పు నీతి మరణమును గూర్చినది కాదు, బ్రదుకును గూర్చినది. ఊడ నేలను తాకువఱకు కొమ్మకు వ్రేలాడు భారము. తాకి వేరూనిన పిమ్మట అదియే స్తంభమై కొమ్మను మోయును. కోడలైనను, పుట్టింటికి తిరిగివచ్చిన కూతురైనను, కాలూనుటకు నేల దొరకువఱకే భారము. కొమ్మ ఊడను పైననే కట్టియుంచుకొన్నచో చెట్టు ఇంత విరివిగా వ్యాపింపదు.

అక్కడనుండి పులివెందుల మీదుగా కడపకు పోయితిమి. ఛార్లెసు ఫిలిపు బ్రౌను 1798లో కలకత్తాలో పుట్టి, 1820లో కొలువుపై కడపకు వచ్చెను. పిమ్మట ఇచ్చట బంగళా కొని, స్వంత ధనముతోను, చాలనప్పుడు అప్పులు చేసియు పండితులను పోషించి, తాళపత్రములను సేకరించి, శుద్ధప్రతులు వ్రాయించెను. జూలూరి అప్పయ్య మొదలగు పండితు లాయనకు సాయపడిరి. 1829లో 693 వేమన పద్యములను, 1839లో 1164 పద్యములను ఆంగ్లానువాదముతో ప్రకటించెను. 1852లో ఆయన తెలుగు నిఘంటువు వెలువడినది. 1884లో లండనునందు మరణించెను. ఆ బంగళా యుండిన చోటనే నేడు ఆయన పేర గ్రంథాలయము కలదు. జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు ఊరూర తిరిగి చందాలు ప్రోగుచేసి దీనిని నిలువబెట్టిరి. 2006లో ఈ పట్టణమున స్థాపింపబడిన విశ్వవిద్యాలయమునకు యోగి వేమన పేరే పెట్టిరి.

వేమన పద్యముల ప్రతులు ఒకదానితో నొకటి కలియవు. ఒక ప్రతిలోని పద్యము మఱియొకదానిలో నుండదు. ఒకే పద్యమునకు పలువిధముల పాఠములు. బ్రౌను ఒక్క ప్రతి చూచి యిదియే వేమన యనలేదు. పెక్కు ప్రతులు తెప్పించి, ప్రక్కప్రక్కన పెట్టి పోల్చి చూచెను. ఇంటి తగవులలో మన మీ పని చేయుచున్నామా? ఒకరి నోట విన్న మాట ఒక ప్రతి మాత్రమే. రెండవ ప్రతిని విననిదే తీర్పు చెప్పుట తొందరపాటు.

ఆడుదానిని నిందించు పద్యములును వేమన పేర కొన్ని కలవు. అవి చదివినప్పుడు మనస్సు చివుక్కుమనును. ఆయన పేర వేలకొలది పద్యములు వ్యాపించియున్నవి. ఎవరెవరు చేర్చినవి ఎన్నియో! ఒకవేళ ఆయనవే యైనను, చూపునకు ఒకేరీతి తెల్లగా నుండు ఉప్పును కర్పూరమును రుచి చూచి వేఱుపఱుపుమని మనకు నేర్పినవా డాయనయే. ఆ పరీక్షను ఆయన పద్యములకును పెట్టుట ఆయనకు అపచారము కాదు. మేలైనదానిని నాలుకమీద నుంచుకొందము. కానిదానిని పిల్లలకు నేర్పక విడిచిపెట్టుదము. ఆడపిల్లను చిన్నబుచ్చు పద్యము మగపిల్లవాని నోట ముద్దుగా నున్నదని మెచ్చుకొనకుందము.

గ్రంథాలయమున మా ఆడపడుచు తాళపత్రముల యెదుట చాలసేపు నిలిచి, అవి పురుగు పట్టకుండ ఎట్లు కాపాడుదురని అక్కడి యుద్యోగి నడిగినది. సంవత్సరకాలములో క్రొత్తవారితో ఆమె తానై మాటలాడుట అదే మొదలు. అత్తగారు విని ముఖము ప్రక్కకు త్రిప్పుకొనిరి.

కడపలో దేవుని కడప యను క్షేత్రము కలదు. ఉగాదినాడు ముసల్మానులు అచ్చటి వేంకటేశ్వరస్వామి కోవెలకు వచ్చి మ్రొక్కులు చెల్లింతురు. స్వామి బీబీ నాంచారమ్మకు భర్త గనుక తమ అల్లుడని వారి మక్కువ. బంధుత్వమొకటి కల్పించుకొన్నచో పరాయితనము పోవునని ఆ యూరివారికి తెలియును. వాదముతో కుదురని సఖ్యమును ఒక్క వరుస పిలుపు కుదుర్చుట మనము నిత్యము చూచుచునే యున్నాముగదా.

ఈ యాత్ర చేయదలచిన సోదరీమణులకు రెండు మాటలు. ఎండకాలమున పోవలదు, అచ్చటి ఎండ మిక్కిలి తీక్ష్ణము. ఆశ్వయుజమునుండి మాఘమువఱకు మేలు. కదిరిలో బస చేసికొన్నచో కటారుపల్లిని, మఱ్ఱిమానును చూచి రావచ్చును. మంచినీళ్ళును, పులిహోరయో దద్ధ్యోదనమో వెంట నుంచుకొనుడు. ఇంటిలో మూలబడి యున్నవారెవరైన నుండినచో, బ్రతిమాలియైనను వారిని వెంటబెట్టుకొని పొండు. పోలేనివారు వేమన శతకమును తీసి, దినమునకొక పద్యము చదువుకొనుడు. చదివిన పద్యమును ఆ దినమంతయు ఎవరికిని చెప్పక, అవ్వ చెప్పినట్లు తమకు తామే చెప్పుకొని చూడుడు.